పౌచ్ ఉంచుకోవాలా, మళ్లీ బ్యాగ్‌కి వెళ్లిపోవాలా? తేల్చుకోలేకపోతున్నాను

నిద్రలేని పిట్ట:

అందరికీ నమస్తే. ఏడాదిగా ఇక్కడి పోస్టులన్నీ చదువుతున్నాను, రాయడం మాత్రం ఇదే మొదటిసారి. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

వయసు 38. అల్సరేటివ్ కోలైటిస్‌తో (పెద్దపేగులో మంట, పుండ్లు పడే జబ్బు) పెద్దపేగు తీసేసి 11 ఏళ్లయింది. మూడు విడతల ఆపరేషన్, మధ్యలో 7 నెలలు పొట్ట మీద మలం పడే బ్యాగ్, ఆఖరికి జె పౌచ్, అంటే చిన్నపేగు చివరతో లోపలే కట్టిన సంచి, మలద్వారానికి కలిపారు. మొదటి ఆరేళ్లు నిజంగా బాగా గడిచాయి. రోజుకి 6 సార్లు, రాత్రి ఒకసారి, అంతే. జబ్బు సంగతే మర్చిపోయాను.

తర్వాత పౌచైటిస్, అంటే పౌచ్ లోపల మంట, పట్టుకుంది. మొదట్లో సిప్రోఫ్లాక్ససిన్ అనే యాంటీబయాటిక్ రెండు వారాల కోర్సు మొదలుపెడితే మూడో రోజుకే తేడా తెలిసేది. ఏడాదికోసారి వచ్చేది కాస్తా మూడు నెలలకోసారి అయింది, ఇప్పుడు మందు ఆపిన ఐదో రోజుకే మళ్లీ మొదటికొస్తోంది. మెట్రోనిడజోల్ కూడా వాడాను, నోరంతా ఇనుప ముక్క చప్పరించినట్టు ఉండేది, అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాక డాక్టర్ ఆపించేశారు. ప్రస్తుతం రోజుకి 15 నుంచి 18 సార్లు. రాత్రి నాలుగుసార్లు లేస్తాను, అయినా నమ్మకం లేక పక్క మీద టవల్ పరుచుకునే పడుకుంటాను. మొన్న రాత్రి 3 గంటలప్పుడు బాత్రూంలో కూర్చుని గోడకి తల ఆనించి అలాగే నిద్రపోయాను. మెలకువ వచ్చేసరికి రెండు కాళ్లూ మొద్దుబారిపోయి ఉన్నాయి, తలుపు గడియ పట్టుకుని లేచాను.

సర్జన్ రెండు దారులున్నాయన్నారు. బయోలాజిక్ మందు (రోగనిరోధక శక్తి మీద పనిచేసి మంట తగ్గించేది) ఒకటి వాడి చూడటం, లేదా ఇలియోస్టమీకి, అంటే చిన్నపేగుని పొట్ట మీదికి తెచ్చి బ్యాగ్ పెట్టుకోవడానికి, వెళ్లిపోవడం. "నిర్ణయం మీదే" అన్నారు. ఆ మాటతో గుండెలో రాయి పడింది. బ్యాగ్ నాకు తెలియనిది కాదు, ఆ 7 నెలలూ చర్మం ఒలిచేసినట్టు మండేది, వారానికి నాలుగైదుసార్లు లీకయ్యేది. మళ్లీ అదే, ఈసారి జీవితాంతం. పైగా మూడు ఆపరేషన్లు చేయించుకుని సంపాదించుకున్న పౌచ్‌ని వదిలేయడమంటే ఓడిపోయినట్టే అనిపిస్తోంది. ఈ దారిలో నడిచినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

సంచితో సావాసం:

తమ్ముడూ, ఆ గడియ పట్టుకుని లేవడం చదివి నా పాత రోజులు కళ్లముందుకొచ్చాయి. నేను 9 ఏళ్లు పౌచ్‌తో ఉండి, నాలుగేళ్ల కిందట తీయించేసుకున్నాను. ఇప్పుడు శాశ్వత ఇలియోస్టమీ.

మంచి ముందు చెప్తాను. ఆపరేషన్ అయిన ఆరో వారంలో ఒక రోజు పొద్దున లేచి గడియారం చూస్తే 7 అయింది. రాత్రంతా ఒక్కసారి కూడా లేవలేదు. ఏదో తప్పు జరిగిందేమోనని కంగారుపడి బ్యాగ్ తడుముకున్నాను, నిండింది గానీ గట్టిగానే ఉంది. అప్పుడు మంచం మీదే కూర్చుని ఏడ్చాను. రోజుకి ఆరేడుసార్లు ఖాళీ చేస్తాను, ఒక్కోసారికి రెండు మూడు నిమిషాలు. తేడా ఎక్కడంటే, ఎప్పుడు వెళ్లాలో నేను చెప్తాను. ఇదివరకు అది చెప్పేది.

చెడు కూడా చెప్పాలి, లేకపోతే మోసం చేసినట్టవుతుంది. పౌచ్ తీసేసి మలద్వారం మూసేశారు. కింద కుట్లు మానడానికి ఐదు నెలలు పట్టింది, ఐదు నెలలూ దిండు లేకుండా కూర్చోలేదు. రోజూ డ్రెస్సింగ్. ఇది ముందే ఎవరైనా గట్టిగా చెప్పి ఉంటే బాగుండేది అనుకుంటాను. పోయినేడు స్టోమా (పేగు పొట్ట మీద బయటికొచ్చే నోరు) పక్కన హెర్నియా కూడా మొదలైంది, చిన్నదే, బెల్టు పెట్టుకుంటున్నాను.

మళ్లీ చేయించుకుంటావా అంటే చేయించుకుంటాను. మూడేళ్లు ముందే చేయించుకోవాల్సింది.

మొండిఘటం:

ఇక్కడ ఎవరు పౌచ్ గురించి బాధపడినా "తీయించేసుకో, హాయి" అనేవాళ్లే ముందు వస్తారు. అక్కా, మీ అనుభవాన్ని కాదనను. కానీ ఆయన పౌచ్ ఎందుకు మొరాయిస్తోందో ఎవరైనా అడిగారా?

నా కథ వినండి. రెండేళ్లపాటు పౌచైటిస్ అని యాంటీబయాటిక్స్ మింగించారు. తర్వాత ఇంకో డాక్టర్ స్కోప్ (కెమెరా గొట్టంతో లోపల చూడటం) చేసి, పౌచ్ శుభ్రంగా ఉంది, మంటంతా కింద కఫ్‌లో ఉందన్నారు. పౌచ్‌ని స్టేప్లర్‌తో కలిపేటప్పుడు పాత పురీషనాళం పొర ఒకటి రెండు సెంటీమీటర్లు మిగులుస్తారు కదా, అదే కఫ్, అల్సరేటివ్ కోలైటిస్ అక్కడే తిరగబెడుతుంది. దాన్ని కఫైటిస్ అంటారు. మెసలమైన్ సపోజిటరీలు (మలద్వారంలో పెట్టుకునే మందు బిళ్లలు) పెట్టుకుంటే నెల తిరక్కుండా 14 నుంచి 7కి వచ్చాను. రెండేళ్లు అనవసరంగా మింగిన మాత్రలు తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

కాబట్టి పిట్ట గారూ, ఇవి చెప్పండి. ఆఖరి పౌచోస్కోపీ ఎప్పుడు చేశారు, బయాప్సీ తీశారా? కటిభాగం ఎంఆర్‌ఐ తీశారా? సి.డిఫిసిల్ అనే బ్యాక్టీరియా కోసం మలం పరీక్ష చేశారా? కలిపిన చోట సన్నబడిందేమో వేలితో చూశారా? ఒళ్లు నొప్పులకి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకుంటున్నారా? ఎందుకంటే పౌచైటిస్, కఫైటిస్, క్రోన్స్ (ఇంకో రకం పేగు మంట జబ్బు), సన్నబడటం, పౌచ్ సరిగ్గా ఖాళీ కాకపోవడం, ఏమీ లేకుండానే చిరాకుపడే పౌచ్, ఇవన్నీ బయటికి ఒక్కలాగే కనిపిస్తాయి, పరుగులు ఒకటే. మందులు మాత్రం వేరు.

నిద్రలేని పిట్ట:

మొండిఘటం గారూ, సిగ్గుగా ఉంది. స్కోప్ చేసి రెండేళ్లు దాటింది. ఎంఆర్‌ఐ అసలు తీయలేదు. మలం పరీక్ష ఎప్పుడో ఒకసారి చేశారు, దేనికోసమో గుర్తులేదు. ఇక నడుము నొప్పికి డైక్లోఫెనాక్ వారానికి మూడు నాలుగు వేసుకుంటాను. అది కూడా లెక్కలోకి వస్తుందా?

మొండిఘటం:

వస్తుంది. పౌచ్ ఉన్నవాళ్లకి ఆ జాతి మాత్రలు మంటని రెచ్చగొడతాయి. పారాసెటమాల్‌కి మారొచ్చా అని డాక్టర్‌ని అడగండి. దానితోనే అంతా సర్దుకుంటుందని చెప్పను. కానీ రోజూ నిప్పుల మీద కాస్త నూనె పోస్తూ మంట ఆరట్లేదేమిటా అనుకోవడం ఎందుకు. అలాగే నడుము నొప్పి సంగతి కూడా గ్యాస్ట్రో డాక్టర్‌కి చెప్పండి, పేగు మంట ఉన్నవాళ్లకి కీళ్లూ నడుమూ దానితోపాటే పట్టేస్తాయి ఒక్కోసారి.

సగం దారిలో:

మూడో దారి ఒకటుంది, సర్జన్ మీకు చెప్పారో లేదో. పౌచ్‌ని లోపలే వదిలేసి, దానికి పైన చిన్నపేగుని బయటికి తెచ్చి స్టోమా పెడతారు. పౌచ్‌కి విశ్రాంతి. నేను రెండున్నరేళ్లుగా ఇలాగే ఉన్నాను, అందుకే ఈ పేరు.

లాభం ఏంటంటే ఆపరేషన్ చిన్నది, కింద కుట్లుండవు, కటిభాగంలో నరాల జోలికి వెళ్లరు. బ్యాగ్‌తో బతకగలనా లేదా అన్నది నిజంగా బతికి చూసి తేల్చుకోవచ్చు. పౌచ్ కట్టడానికి వాడిన 30, 40 సెంటీమీటర్ల చిన్నపేగు కూడా లోపలే భద్రంగా ఉంటుంది. తీసేస్తే అంత పొడుగు పేగు పోయినట్టే.

నష్టం ఎవరూ ముందు చెప్పరు. వాడకుండా వదిలేసిన పౌచ్ ఊరుకోదు. జిగురు ఊరుతూనే ఉంటుంది, రోజుకి ఒకటి రెండుసార్లు వెళ్లి కూర్చుని దాన్ని వదిలించుకోవాలి, అప్పుడప్పుడు రక్తం చారలు. కొంతమందికి ఏమీ ఉండదు, కొంతమందికి ఇదే పెద్ద తలనొప్పి అయి చివరికి తీయించుకుంటారు. పైగా లోపల ఉన్నన్నాళ్లూ అప్పుడప్పుడు స్కోప్ చేసి చూసుకోవాలి, ముఖ్యంగా అప్పట్లో పెద్దపేగులో క్యాన్సర్‌గానీ దానికి ముందు దశ మార్పులుగానీ ఉన్నవాళ్లు. ఇంకొకటి, క్రోన్స్ వల్లో ఫిస్టులా (పేగు నుంచి పక్కకి పడే దొంగదారి) వల్లో పౌచ్ పాడై ఇలా పక్కన పెడితే, మళ్లీ కలిపాక నిలవడం కష్టమని నా సర్జన్ మొహమాటం లేకుండా చెప్పారు. "విశ్రాంతి ఇస్తే బాగవుతుంది" అన్న ఆశతో మాత్రం చేయించుకోవద్దన్నారు. నేను కొంచెం ఆ ఆశతోనే చేయించుకున్నాను, నిజం చెప్పాలంటే.

తోడునీడ:

మావారికి పౌచ్. ఆయన ఇక్కడ రాయరు, నేను చదివి చెప్తుంటాను.

ఒక్క మాట చెప్పాలనిపించింది. ఇబ్బంది ఎంతుందో ఆయన్ని అడిగితే ఎప్పుడూ "పర్లేదు" అనేవారు. ఒకసారి డాక్టర్ రెండు వారాలు రాసుకు రమ్మన్నారు, ఎన్నిసార్లు వెళ్లారు, ఎంతసేపు, రాత్రి ఎన్ని, ఏ పని మానేశారు అని. ఆయన రాయట్లేదని నేనే గుమ్మం పక్కన క్యాలెండర్ మీద గీతలు పెట్టాను. రెండు వారాల తర్వాత కూడితే రోజుకి సగటున మూడు గంటల పది నిమిషాలు బాత్రూంలో. ఆయన ఆ అంకె చూసి చాలాసేపు మాట్లాడలేదు. బయటికి వెళ్లడం మానేసిన పెళ్లిళ్లు, ప్రయాణాలు అన్నీ నా దగ్గర లెక్కున్నాయి, ఆయనకి గుర్తే లేవు. అలవాటైపోతే ఎంత మోస్తున్నామో తెలియదు.

మావారు ఇంకా నిర్ణయం తీసుకోలేదు. నేను తొందరపెట్టట్లేదు. పెట్టాలని మాత్రం ఉంటుంది.

కత్తెరా టేపూ:

స్టోమా నర్సుగా చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఏది ఎంచుకోమని చెప్పను. పిట్ట గారి భయంలో ఒక పొరపాటు లెక్క కనబడింది, అది సరిచేస్తాను.

మీరు 7 నెలలు మోసింది లూప్ ఇలియోస్టమీ. పౌచ్ మానేదాకా తాత్కాలికంగా పేగుని మడతలా బయటికి లాగి పెట్టేది. దానికి రెండు నోళ్లుంటాయి, చాలాసార్లు ఒక పక్క చర్మానికి అంటుకుపోయినట్టు ఉంటుంది, రసం బ్యాగ్‌ని చర్మానికి అంటించే ప్లేటు కిందికి పాకుతుంది. చిన్నపేగు రసంలో జీర్ణరసాలుంటాయి కాబట్టి చర్మాన్ని కూడా అరిగించడం మొదలుపెడుతుంది. మీకు మండింది అందుకే. శాశ్వతంగా పెట్టే ఎండ్ ఇలియోస్టమీని చర్మం మీదికి రెండు మూడు సెంటీమీటర్లు ముక్కులా పొడుచుకొచ్చేలా కుడతారు, రసం నేరుగా బ్యాగ్‌లో పడుతుంది. 1952లో బ్రూక్ అనే బ్రిటిష్ సర్జన్ పేగు అంచుని చొక్కా చేతి మడతలా బయటికి తిప్పి కుట్టే పద్ధతి చెప్పారు. అంతకుముందు రోజుల్లో ఇలియోస్టమీ అంటే నిజంగా నరకమే. కాబట్టి ఆ 7 నెలల్ని చూసి మిగతా జీవితాన్ని లెక్క కట్టకండి.

ఇంకో ముఖ్యమైన సంగతి, జాగా. ఆపరేషన్‌కి ముందే స్టోమా ఎక్కడ రావాలో గుర్తు పెట్టించుకోండి. పడుకోబెట్టి మాత్రమే చూస్తే సరిపోదు. కూర్చోవాలి, నిలబడాలి, వంగాలి, మీరు మామూలుగా వేసుకునే ప్యాంటు వేసుకుని చూపించాలి. పొట్ట మీద మడతలు కూర్చుంటేనే కనబడతాయి. మడతలో పడ్డ స్టోమాకి ఎంత మంచి బ్యాగ్ పెట్టినా లీకవుతుంది.

బ్యాగ్ మార్చడం పొద్దున్నే ఏమీ తినకముందు, తాగకముందు పెట్టుకోండి, అప్పుడే పేగు కాస్త నిద్రలో ఉంటుంది. అయినా సరిగ్గా పాత ప్లేటు తీసిన క్షణంలో ఒక చిమ్ము చిమ్ముతుంది, అది దాని సరదా. చుట్టిన టిష్యూ ఒకటి చేతిలో సిద్ధంగా ఉంచుకోండి. మొదటి రెండు నెలలు వాపు తగ్గుతూ స్టోమా చిన్నదవుతుంది కాబట్టి ప్రతి వారం కొలిచి రంధ్రం కత్తిరించుకోవాలి, పాత కొలతతోనే కత్తిరించుకుంటూ పోయి చర్మం పాడుచేసుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

నీళ్ల సంగతి. సర్దుకున్నాక రోజుకి 500 నుంచి 800 మిల్లీలీటర్ల దాకా వస్తుంది, లీటరున్నర దాటుతోందంటే డాక్టర్‌కి ఫోన్ చేయాల్సిందే. ఎక్కువ పోతున్నప్పుడు ఉత్త నీళ్లు గ్లాసుల మీద గ్లాసులు తాగితే ఇంకా ఎక్కువ పోతుంది, ఉప్పు కూడా పోతుంది. ఓఆర్‌ఎస్ తాగాలి. పేగు వేగం తగ్గించే లోపెరమైడ్ అవసరమా, ఎంత, అన్నది డాక్టర్ చెప్తారు. ఒంట్లో నీరు తరచూ తగ్గితే కిడ్నీల మీద పడుతుంది, రాళ్లు కూడా వస్తాయి. నెమ్మదిగా కరిగే రకం మాత్రలు కొన్ని చెక్కుచెదరకుండా బ్యాగ్‌లోకి వచ్చేస్తాయి, అలా కనబడితే చెప్పండి.

కొత్తచిగురు:

అడగడానికి మొహమాటంగా ఉంది, అయినా అడుగుతున్నా. పౌచ్ తీసేస్తే దాంపత్య జీవితం సంగతేంటి? నాకు పెళ్లయి రెండేళ్లే. పిల్లలు కావాలి.

సంచితో సావాసం:

మొహమాటం ఎందుకమ్మా, అందరికీ ఉండే డౌటే. పౌచ్ తీసేటప్పుడు కటిభాగం లోతుల్లో కోస్తారు, అక్కడ నరాలుంటాయి. మగవాళ్లకి అంగస్తంభన, స్ఖలనం దెబ్బతినే అవకాశం ఉంది, అందుకే పిల్లలు కావాలనుకునేవాళ్లు ముందుగా వీర్యం దాచుకోవడం గురించి అడగాలి. ఆడవాళ్లకి కలయికలో నొప్పి, పొడిబారడం ఉండొచ్చు. నాకు ఏడాది పట్టింది. గర్భం విషయం వేరు, పౌచ్ కట్టిన ఆపరేషన్ వల్లే ట్యూబుల చుట్టూ అతుకులు పడి కొంతమందికి ఆలస్యమవుతుంది, ఇప్పుడు పౌచ్ తీసినా అవి పోవు. ఐవీఎఫ్‌తో పిల్లల్ని కన్నవాళ్లు ఉన్నారు. నీ పౌచ్ మరీ ఏడిపించకపోతే ముందు పిల్లల సంగతి చూసుకుని ఆ తర్వాత దీని గురించి ఆలోచించొచ్చా అని సర్జన్‌ని, గైనకాలజిస్టుని ఇద్దర్నీ అడుగు. ఒకర్ని అడిగి వదిలేయకు.

మొండిఘటం:

బయోలాజిక్ గురించి ఎవరూ మాట్లాడలేదు. యాంటీబయాటిక్స్‌కి లొంగని పౌచైటిస్‌కి వెడోలిజుమాబ్ అనే బయోలాజిక్‌ని యూరప్‌లో 2022లో అనుమతించారు. మొత్తం 102 మంది మీద ట్రయల్ చేశారు, 14 వారాలకి మందు తీసుకున్నవాళ్లలో 31 శాతం మందికి జబ్బు అణిగింది, ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో 10 శాతం మందికి. మూడింతలు!

సగం దారిలో:

మూడింతలు నిజమే, కానీ మిగిలిన 69 మాట? నేను ఆ 69లో ఉన్నాను. మందు చెడ్డదని కాదు, ఇంకో ఏడాది అలా ఆశపడుతూ గడిపేశాను. మందు మొదలుపెట్టే రోజే ఎప్పుడు ఆపాలో కూడా రాసుకోండి. నేను రాసుకోలేదు.

మొండిఘటం:

సరే, ఆ మాటకి ఒప్పుకుంటాను.

నిద్రలేని పిట్ట:

5 వారాల తర్వాత వస్తున్నాను. స్కోప్, బయాప్సీ, ఎంఆర్‌ఐ, మలం పరీక్ష అన్నీ అయ్యాయి. సి.డిఫిసిల్ లేదు. ఫిస్టులా లేదు, చీము లేదు, సన్నబడటం లేదు. కఫ్ కాస్త ఎర్రబడింది, పౌచ్ మాత్రం మొత్తం పుండ్లే. స్క్రీన్ మీద నేనే చూశాను. అంటే అసలుసిసలు పౌచైటిసే.

డైక్లోఫెనాక్ మానేశాను. 17 కాస్తా 14 అయింది, మొండిఘటం గారికి దండం. వెడోలిజుమాబ్ మొదలైంది. తోడునీడ గారిలా క్యాలెండర్ మీద గీతలు పెడుతున్నాను. సగం దారిలో గారు చెప్పినట్టు ఆఖరి తేదీ కూడా రాసి పెట్టాను, దానికిందే "రోజుకి 8, రాత్రికి 1" అని రాశాను. ఆ తేదీకి అక్కడికి రాకపోతే ఆపరేషన్. సర్జన్ ఆ కాగితం చూసి ఫైల్లో పెట్టుకున్నారు.

సంచితో సావాసం:

ఇప్పుడు నిర్ణయం నీదే అంటే భయం వేయట్లేదు కదా తమ్ముడూ.

నిద్రలేని పిట్ట:

వేస్తోంది అక్కా. కాకపోతే రోజుకోసారి వేస్తోంది, ఇదివరకు గంటకోసారి వేసేది.

నిద్రలేని పిట్ట:

మళ్లీ నేనే. రాసుకున్న తేదీ దాటి పది రోజులైంది. 11 దగ్గర ఆగిపోయింది, రాత్రికి మూడు. తక్కువేం కాదు, 17 నుంచి వచ్చాను. ఇంకో రెండు నెలలు చూద్దామా అని చాలా పీకింది మనసు. కాగితం తీసి చూసుకున్నాను.

సర్జన్‌తో గంట మాట్లాడాను. ముందు ఎండ్ ఇలియోస్టమీ, పౌచ్ ప్రస్తుతానికి లోపలే. ఏడాది చూసి, జిగురుతో ఇబ్బంది లేకపోతే అలాగే ఉంచి స్కోప్‌లు చేయించుకుంటాను, ఉంటే అప్పుడు తీయిస్తారు. మళ్లీ కలుపుతారేమో అన్న ఆలోచనతో వెళ్లట్లేదు, ఆ తలుపు దాదాపు మూసుకున్నట్టే అనుకుని వెళ్తున్నాను.

ఇవాళ స్టోమా నర్సు గుర్తు పెట్టారు. కూర్చోబెట్టారు, వంగమన్నారు, బూట్ల లేసు కట్టుకున్నట్టు చేయమన్నారు. మొదట పెట్టిన చుక్క బెల్టు కిందికి వచ్చింది. తుడిచేసి రెండు వేళ్లు పైకి, కొంచెం కుడికి పెట్టారు. నేను అద్దంలో చూసుకుంటే నా కంటికి బాగా కనబడుతోంది, తల వంచి చూసినా కనబడుతోంది. పోయినసారి లూప్ పెట్టినప్పుడు ఇదేమీ చేయలేదు, హడావుడి ఆపరేషన్ కదా.

కత్తెరా టేపూ గారూ, ఒక్క డౌటు. ఆపరేషన్‌కి ఇంకా నాలుగు రోజులుంది. స్నానం చేస్తే ఈ చుక్క పోతుందా?

కత్తెరా టేపూ:

పైన పారదర్శకంగా ఉండే ప్లాస్టర్ అంటించి ఉంటారు, దాన్ని పీకకండి, రుద్దకండి. ఒకవేళ వెలిసిపోతుంటే చెరగని పెన్నుతో అదే చుక్క మీద మీరే దిద్దుకోండి. పక్కన పెట్టొద్దు, దాని మీదే.